కొలతల్లేని బ్యానర్

బళేపేట గాజుల వర్తకుల సంఘం వారు ఇంటర్నెట్టులో అడుగుపెట్టబోతున్న శుభవార్తను యావత్ ప్రపంచానికీ తెలియజేయడానికి వీధి మొదట్లో ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. మధ్యలో అధ్యక్షులు బైరప్పగారు నల్లకళ్లద్దాలు పెట్టుకుని, చెవికి ఫోను ఆనించుకుని, ఎవరికో ఏదో మంజూరు చేస్తున్నట్టు నిలబడ్డారు. ఆయనకు అటు నాగరాజ్, ఇటు ఓబులేష్. ఇద్దరు ఉపాధ్యక్షులూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే ఎత్తు. కింద కార్యవర్గం, దాని కింద యువజన విభాగం, అందులో ఇద్దరు ముగ్గురు తాతలు. వెబ్‌సైట్ పేరు వేయడానికి మాత్రం చోటు చాలలేదు. దాన్నెవరూ లోపంగా భావించలేదు.

బైరప్పకు లోపల్లోపల దిగులుగానే ఉంది. శ్రావణమాసం దగ్గర పడుతోంది. వరలక్ష్మీవ్రతానికి కొత్త గాజులు వేసుకోని ఇల్లాలు ఉండదు గనక, ఆ ఒక్క నెల అమ్మకంతోనే ఆయన అంగడి ఏడాదంతా బతుకుతుంది. గోడౌన్లో కప్పుదాకా సరుకు నింపేశాడు. కొనేవాళ్లే కనబడడం లేదు. ఆనేకల్ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చే చిల్లర అంగళ్ల ఆడవాళ్లు ఇప్పుడు ఫోన్లోనే చూసి ఫోన్లోనే తెప్పించుకుంటున్నారు. ఈ శ్రావణం కూడా పోతే నాయన పెట్టిన అంగడికి షట్టరు దించేయడమే. అందుకే వెబ్‌సైట్.

వెబ్‌సైట్ సంగతి ఎవరికి బాగా తెలుస్తుందని ఆలోచించి, ఆయన సహజంగానే, ఫ్లెక్సీలు వేసే వెంకటేశ్ దగ్గరికే ముందు వెళ్లాడు. “ఎన్నడుగుల పొడుగు, ఎన్నడుగుల వెడల్పు?” అని వెంకటేశ్ అడిగాడు. ఆ ఒక్క వివరం కనుక్కోవడానికి బైరప్ప తన అక్కకూతురు నళినికి ఫోన్ చేశాడు. నళిని వైట్‌ఫీల్డ్‌లో చేసే ఉద్యోగమే వెబ్‌సైట్లు కట్టడం.

“కొలతలుండవు మామా. చూసేవాళ్ల ఫోన్ ఎంతుంటే అంతకి సర్దుకుంటుంది. పెద్ద కంప్యూటరైతే పక్కపక్కన పరుచుకుంటుంది, చిన్న ఫోనైతే ఒకదాని కింద ఒకటి వస్తుంది. ఎందులో తెరిచినా పనిచెయ్యాలని దానికి కొన్ని స్టాండర్డ్స్ ఉన్నాయి.”

“కొలతే లేని బ్యానర్ యాడన్నా ఉండాదేమ్మా? రేపు మీటింగులో అడిగితే ఏం జెప్పేది? పదడుగులని చెప్తాలే, నువ్వు సుమ్నే గమ్మునుండు.”

మేనమామ మీద అభిమానంతో నళిని ఊరికే చేసిపెడతానంది. ఆదివారాలు సంఘం ఆఫీసుకొచ్చి కూర్చుంది. కంటిచూపు లేనివాళ్లకు ఫోనే చదివి వినిపిస్తుంది గనక, ప్రతి ఫోటోకూ అది దేని ఫోటోనో రెండు ముక్కలు రాయాలని చెప్పింది. కార్యవర్గం ఈ నియమాన్ని హర్షధ్వానాలతో ఆమోదించింది. నాగరాజ్ రాసిచ్చిన రెండు ముక్కల్లో ఆయన దానశీలి, ఆపద్బాంధవుడు, గాజులోకానికి గండభేరుండం. ఓబులేష్ తనవి ఇంకా పూర్తికాలేదని రెండోవారం గడువడిగాడు. నళిని ఫోను చేత చదివించి చూస్తే, అది అధ్యక్షులవారి బిరుదులు మొదలుపెట్టింది. అందరూ కిందికెళ్లి కాఫీ తాగి వచ్చేసరికి ఇంకా అధ్యక్షులవారి దగ్గరే ఉంది. ఇవి కళ్లున్నవాళ్లు చదవకపోతే ఎట్లా అని, ప్రతి ఫోటో కిందా పైకే కనబడేట్టు వేయించారు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. కంప్యూటరుకు పసుపు కుంకుమ పెట్టి, హారతిచ్చి, కొత్త బండి చక్రాల కింద పెట్టినట్టే మౌసు కింద నిమ్మకాయ పెట్టారు. బైరప్ప దాన్ని తొక్కించి వెబ్‌సైట్‌ను జాతికి అంకితం చేశాడు. గోడకు కట్టిన తెర మీద అధ్యక్షులు, అటూ ఇటూ ఉపాధ్యక్షులు. ఒకే ఎత్తు. చప్పట్లు.

అంతలో ఓబులేష్ తన ఫోన్ తెరిచాడు.

“ఏమప్పా బైరప్పా, ఏందిది? నా నెత్తిమీద వీడి బూట్లుండాయే!”

నిజమే. నాగరాజ్‌ది నిలువెత్తు ఫోటో. ఫోన్లో అధ్యక్షుల కింద నాగరాజ్, నాగరాజ్ బూట్ల కింద ఓబులేష్ ముఖం.

“కొత్త బూట్లేలే అన్నా, ఫోటో కోసమే కొంటిని,” అన్నాడు నాగరాజ్ వినయంగా.

“ఫోన్ సన్నగా ఉంటుందంకుల్, ఇద్దరూ పక్కపక్కన పట్టరు,” అంది నళిని.

“పట్టకుంటే వాణ్ని కింద పెట్టు! లేకుంటే ఈ వీధిలో తూరుపు పక్క అంగళ్లన్నీ నా ఎంటనే ఉండాయి, వేరే సంఘం పెట్టుకుంటాం. ఆడ నేనే ప్రెసిడెంటు.”

సంఘం చీలిపోకుండా అత్యవసరంగా ఒక తీర్మానం చేశారు: సంఘం వెబ్‌సైటును దర్శించగోరు ప్రజలెల్లరూ తమతమ ఫోన్లను అడ్డముగా పట్టుకొనవలసిందిగా ఇందుమూలముగా కోరడమైనది. ప్రజలకు ఈ సంగతి తెలియడానికి ఇంకో ఫ్లెక్సీ వేశారు. అందులోనూ అందరి ఫోటోలూ ఉన్నాయి. అయినా ప్రజలు ఫోన్లను నిలువుగానే పట్టుకుంటున్నారని తెలిసి కార్యవర్గం వారి క్రమశిక్షణ పట్ల విచారం వెలిబుచ్చింది.

“గాజులు పైన పెడతా మామా. మీరంతా కింద ఉండండి. గాజులు కొనేవాళ్లు మీ మొహాలు చూసి కొంటారా?” అంది నళిని.

“మా నాయన కాలం నుంచి మొగం చూసే గదమ్మా అప్పిస్తాండేది!”

నాగరాజ్ అయితే లేచి నిలబడి ప్రసంగమే చేశాడు. “సోదరులారా! గాజులు ఈ పొద్దు ఉంటాయి, రేపు పగిలిపోతాయి. నాయకత్వం శాశ్వతం! పగిలిపోయే వస్తువు కింద పగలని నాయకత్వాన్ని పెట్టమనడం ఏం న్యాయం?”

తన సరుకు పగిలిపోతుందని ఒక గాజుల వర్తకుడు బహిరంగంగా చెప్పుకోవడం బళేపేటలో అదే మొదటిసారి. చప్పట్లు చాలాసేపు మోగాయి.

విసిగిపోయిన నళిని చివరికో ఏర్పాటు చేసింది. తెరిచిన ప్రతిసారీ ఒక్కో సభ్యుడు పైకొస్తాడు. ఆ రోజు నుంచి వీధిలో వ్యాపారం నిలిచిపోయింది. ఎవరి గల్లా దగ్గర వాళ్లు కూర్చుని, తాము పైకొచ్చేదాకా తెరుస్తూ మూస్తూ గడిపారు. వెబ్‌సైట్‌ను లెక్కలేనంతమంది చూస్తున్నారని లోపలి లెక్కలు చూపించాయి. చూసేవాళ్లంతా బళేపేటలోనే ఉన్నారని కూడా చూపించాయి. మొదటి ముక్కను మాత్రం మినిట్సులో రాసుకుని ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు.

మీరు నవ్వుతున్నారు గానీ, ఒకసారి మీ అపార్ట్‌మెంట్ సంఘం వెబ్‌సైట్ తెరవండి. నీళ్ల ట్యాంకరు నంబరు దొరికేలోపు ఎంతమంది నమస్కారాలు దాటాలో చూడండి.

శ్రావణం ఇంకో వారముందనగా బైరప్ప అంగడికి ఫోన్ వచ్చింది. ఆనేకల్‌లో గాజులంగడి పెట్టుకున్న మునిలక్ష్మి. వాళ్లమ్మ కాలం నుంచీ ఈ అంగడి ఖాతాదార్లు.

“ఎవురప్పా మాట్లాడేది? బైరప్పన్న కొడుకా?”

“నేనేమ్మా, బైరప్పనే.”



“అయ్యో సామీ! నువ్వుండావా అన్నా? పలకరిద్దామని చేస్తి కదా! ఫోన్లో మీ అంగళ్లది తెరిస్తి. అన్నీ ఫోటోలే, ఒగరి కింద ఒగరు. ప్రతి ఫోటో కిందా ధర్మాత్ముడు, దానపరుడు అని రాసుండాది. బతికుండేటోళ్లను అంత మంచిగా ఎవురు రాస్తారన్నా? తీర్థానికి పోతా బస్సు బోల్తాపడి అందరూ ఒకేసారి పోయినారేమో అనుకొంటి.”

“గాజులు అడుగున ఉండాయి గదమ్మా!”

“ఉంటాయేమోనని కిందికి తోస్తి అన్నా. ఇంకా పోయినోళ్లే వస్తా ఉండారు. కండ్లల్లో నీళ్లొచ్చి మూసేస్తి.”

“మరి ఈసారి సరుకు?”

“సచ్చిపోయినోళ్లకు ఆర్డరెట్లిస్తారన్నా? మా పక్క అంగళ్లోళ్లకూ చెప్పేస్తి. అందురూ వేరే దాంట్లో తెప్పించేసుకుంటిమి. పోనీలే, నువ్వు సల్లగా ఉండు.”

బైరప్ప నళినిని పిలిపించాడు. ఆమె ఒకటే మాట చెప్పింది. “మీది ముందు తీసెయ్యండి మామా. ప్రెసిడెంటే తీసేస్తే మిగతావాళ్లు నోరెత్తరు. ఈ రాత్రికే గాజులు పైకొస్తాయి. ఇంకా వారముంది.”

ఆయన చాలాసేపు ఆలోచించాడు. కప్పుదాకా పేర్చిన పెట్టెలు కళ్లముందు మెదిలాయి. దించబోయే షట్టరు మెదిలింది. నాయన గుర్తొచ్చాడు. ఫోన్ చేతిలోకి తీసుకుని తన ఫోటోకేసి చూశాడు. అందులో తన జుట్టు బలే అందంగా వచ్చింది.

ఆ సాయంత్రం జరిగిన సర్వసభ్య సమావేశంలో పరిస్థితి తీవ్రతను అధ్యక్షులవారు గద్గద స్వరంతో వివరించారు. సంఘం చరిత్రలోనే మొదటిసారిగా నాగరాజ్, ఓబులేష్ ఒకే తీర్మానాన్ని బలపరిచారు. దాని ప్రకారం ప్రతి ఫోటో కిందా, బిరుదులన్నిటికీ కింద, పచ్చటి అక్షరాలతో ఒక వాక్యం చేర్చారు: “వీరు బతికే ఉన్నారు.” నళిని ఆ వాక్యం వేసిచ్చి, ఇకమీదట ఆదివారాలు తనకు ఇంట్లో పనుందని చెప్పి వైట్‌ఫీల్డ్ బస్సెక్కింది.

శ్రావణం వచ్చింది. బైరప్ప పొద్దున్నే గల్లా ముందు కూర్చుని, తాను బతికే ఉన్నట్టు ఫోన్లో నిర్ధారించుకుని, పొద్దుగూకాక ఇంటికొచ్చేవాడు. గోడౌన్లో ఒక్క పెట్టె కదల్లేదు. అంగడి బాడుగకు ఇస్తారా అని ఒకరిద్దరు వచ్చి అడిగి వెళ్లారు.

వ్రతం నాడు భార్య భాగీరథమ్మ కొంగు బిగించి కలశం సర్దుతుంటే ఆమె చేతులు గలగలమన్నాయి. బైరప్ప చెవులు నిక్కాయి. ఆ మోత తన సరుకుది కాదు.

“ఏమే, యాడివి ఆ గాజులు?”

“ఫోన్లో తెప్పిచ్చుకుంటి. మన దాంట్లోనే కొందామని ముందు తెరిస్తి. మీరు బతికే ఉండారని రాసుండాది. అది నాకు తెలిసిందే గదా, మూసేస్తి. ఇంగొకటి తెరిస్తే తెరవంగానే గాజులు.”

బైరప్ప ఆ గాజులొచ్చిన అట్టపెట్టెను చేతిలోకి తీసుకున్నాడు. నాలుగు పక్కలా తిప్పి చూశాడు. మూత తీసి లోపల చూశాడు. తలకిందులు చేసి అడుగున కూడా చూశాడు. చివరికి తృప్తిగా నవ్వి పెట్టెను పక్కన పెట్టేశాడు.

“ఓనరు ఫోటో ఒక్కటి కూడా ఎయ్యలేదు పాపం. ఇట్లాంటోళ్లు యాపారంలో ఎన్నాళ్లు నిలబడతారే?”