పురుగుకి పొందూరు శాలువా

గజపతినగరానికి నాలుగు కిలోమీటర్ల దూరంలోని నీలంవలసలో ఆమధ్య ఒక బుధవారం ఉదయం పది గంటలకు, మొక్కజొన్నను తినే కత్తెర పురుగుకి ఘన సన్మానం జరిగింది. పురుగు వారు పాత పచ్చడి సీసాలో వేదిక మీదికి వేంచేశారు. పొందూరు నుంచి రెండు శాలువాలు తెప్పించారు. పురుగుది సీసా మీంచి జారిపోతున్నందున మడిచి దాచారు. రెండోది, ఆ పురుగును పెంచి పోషించిన రైతు జగన్నాధానికి కప్పారు.

జగన్నాధానికి ఉన్నది రెండెకరాలు. ఏడాది ఇల్లు గడవాలంటే ఆ మొక్కజొన్నే దిక్కు. అందుకే మొక్క నడిమి మొవ్వులో తొలి పురుగు కనబడగానే, పురుగుమందుల కొట్టు నడిపే బావమరిది ధనరాజు దగ్గరికి పరుగెత్తాడు. ధనరాజు ఒక మందిచ్చాడు. పురుగు చావలేదు. రెండోది కలిపిచ్చాడు. పురుగు కాస్త ఒళ్లు చేసింది. నీలంవలసలో ఒక మంచి ఆచారం ఉంది. పక్క చేనువాడు రెండు మందులు కలిపితే మనం మూడు కలపకపోవడం వంశానికే తలవంపులు. వాసన గట్టు దాటి వాడి ముక్కుకి తగిలితేనే అది మందు. ఆ పరువు కోసం జగన్నాధం ఒకే ట్యాంకులో అయిదు మందులు కలిపి కొట్టాడు. ఊరంతా దగ్గింది, పురుగు తప్ప.

అతని భార్య చిన్నతల్లి మాత్రం అంచున నాలుగు సాళ్లు తనకి వదిలేయమని పోరుపెట్టింది. వాటిలో ఆకుల మీది గుడ్లు నలిపేసేది. ఊరి పక్కన పారే గెడ్డలోని ఇసుకకి సున్నం కలిపి మొక్క మొవ్వులో చిటికెడు చిటికెడు పోసేది. దానికి వాసన లేదు, డబ్బా లేదు, డబ్బా మీద బొమ్మ లేదు. అలాంటిదాన్ని వ్యవసాయమని ఎవరంటారు? మందు కొట్టిన చేలో పురుగులు ఏరుకు తిన్న ఆవిడ కోళ్లు మూడు చచ్చిపోయాయి. కోళ్ల జాతే నాసిరకమని ఊరు తీర్మానించింది.

ఇంతలో పరిశోధన కేంద్రం నుంచి విశాలి అనే శాస్త్రవేత్త వచ్చి, పురుగుల్ని పట్టుకెళ్లి పొట్టలు పరీక్షించింది. తిండి అరిగించే ఎంజైముల జన్యువులు వీటిలో మహా జోరుమీద ఉన్నాయట. ఆకుతోపాటు మందునీ అరాయించుకుంటున్నాయట. కొట్టినప్పుడల్లా మందు అరిగించుకోలేనివి చచ్చి, అరిగించుకున్నవే రెక్కలొచ్చి గుడ్లు పెట్టాయట. ఇలాగే కొడితే ఇక ఏ మందూ పనిచేయదని ఆవిడ చేతులు జోడించి చెప్పింది. ఊరివాళ్లు శ్రద్ధగా విన్నారు. తమ పురుగు అయిదు కంపెనీల్ని ఓడించిందని వాళ్లకి అర్థమైంది. సన్మాన సంఘం అక్కడికక్కడే ఏర్పడింది.

సభలో ధనరాజు మైకు అందుకున్నాడు. “పక్కూరి పురుగు ఒక్క మందుకే సస్తాది. మన పురుగు అయిదు తాగి, ఆరోది ఏదిరా అని అడగతన్నాది. ఇది మా బావ పెంపకం. ఆ ఆరోది సోమవారం మన కొట్టుకి వస్తాది.”

చప్పట్లు మోగాయి. జన్మలో తొలిసారి శాలువా కప్పుకున్న జగన్నాధం కళ్లు చెమర్చాయి. విశాలి మైకు అడిగింది. వందన సమర్పణ అయిపోయిందన్నారు.

జగన్నాధం శాలువాతోనే చేనుకి వెళ్లాడు. రెండెకరాలూ జల్లెడలా ఉన్నాయి. అంచున నాలుగు సాళ్లు మాత్రం నిగనిగలాడుతున్నాయి. సిగ్గూ ఏడుపూ కలిసొచ్చి గట్టు మీద కూలబడ్డాడు. తన సాళ్ల దగ్గరున్న చిన్నతల్లి వచ్చి పక్కనే కూర్చుంది.

“ఈ నాలుగు సాళ్లూ మనం తిందాం మావా,” అంది. “మిగతా దాన్లో పొత్తులేటైనా వస్తాయా?”

“కొన్ని వస్తాయి.”

“అయి మన నోట్లో ఎట్టుకోలేం. కోళ్లు ఏటయ్యాయో సూసినావు గదా. మరేటి సేద్దాం?”

జగన్నాధం మంచి మనిషి. చాలాసేపు మథనపడ్డాడు.

“రైలెక్కించేద్దాం,” అన్నాడు.

పంట చేతికి రాగానే ఎక్కించాడు కూడా. కొత్తవలస స్టేషను దాటి పట్నం వచ్చిన ఆ పొత్తులు బొగ్గుల మీద కాలి, ఉప్పూ కారం నిమ్మరసం పూసుకుని, సాయంత్రం షికారుకెళ్లిన మీ చేతికే అందుతాయి. కమ్మగా ఉంటాయి, తినండి. అరిగితే మాత్రం నీలంవలసకి ఒక కబురు పెట్టండి. పురుగు మీద నిలవక మడిచి దాచిన శాలువా ఇంకా అలాగే ఉంది.