అల్లుడు తిప్పిన బారెల్

రిటైరయ్యే రోజు పొద్దున్నే మామగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, క్లారినెట్ విరగ్గొట్టాలి. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ తనకు క్లారినెట్ వచ్చని ఆయన ఆఫీసులో కోతలు కోస్తూ వచ్చాడు. నిజానికి దాన్ని ఊదింది రెండేసార్లు. రెండోసారి పక్కింటివాళ్లు పరామర్శకు వచ్చారు. ఇప్పుడు ఆఫీసరు సాయంత్రం వీడ్కోలు సభలో ఆయన కచేరీ పెట్టేశాడు. ఊదితే ఇన్నాళ్ల పరువూ గంగలో కలుస్తుంది.

అందుకని, నోట్లో పెట్టుకునే మూతికీ కింది గొట్టానికీ మధ్య ఉండే బొటనవేలంత చెక్క ముక్కని, అంటే బారెల్‌ని, ఊడదీసి గడపకేసి కొట్టాడు. అది నిలువునా చీలింది. ఇక హాయిగా విచారించడం మొదలుపెట్టాడు.

అంతలో పక్క వీధిలో ఉండే అల్లుడు ఊడిపడ్డాడు. చేసేది బీమా కంపెనీలో గుమాస్తా పని. పనితనం మాత్రం తన రక్తంలోనే ఉందని అతని నమ్మకం. ఆ నమ్మకంతోనే, చెక్కని గిరగిరా తిప్పుతూ ఉలితో నునుపు చేసే లేత్ మిషను ఒకటి కొన్నాడు. ఇంతవరకూ దానిమీద తయారైంది చెక్కపొట్టు ఒక్కటే.

"ఇదెంత పనండీ మామయ్యగారూ, గంటలో తిప్పి తెస్తాను."

"మీకెందుకండీ అల్లుడుగారూ శ్రమ."

ఈ అల్లుడి లెక్కలో 'వద్దు' అనే మాట లోకంలో లేదు. ఉన్నదల్లా మొహమాటమే. మామగారు చూస్తే అల్లుడితో గట్టిగా మాట్లాడలేని రకం.

"చెక్క దొరకదు లెండి," అన్నాడు నీళ్లు నములుతూ. "అంత గట్టి చెక్క ఈ రోజుల్లో ఎక్కడుంది? నా పడక్కుర్చీకి ఉన్నటువంటిది ఇప్పుడు పుట్టనే పుట్టదు."

తాను నోరు జారిన సంగతి, అల్లుడు కుర్చీని భుజానేసుకుని గేటు దాటాక గానీ ఆయనకు తెలియలేదు.

"కుర్చీ ఎక్కడికి పోతోంది?" అని వంటింట్లోంచి అత్తగారు అడిగింది.

"నా నోరు పంపించింది."

"ఆ నోరే కదా క్లారినెట్ కూడా వచ్చని చెప్పింది," అంది ఆవిడ.

కుర్చీ మొదటి కాలు మిషనుకెక్కగానే ఉలి దిగబడి, ముక్క ఎగిరి కిటికీ అద్దం పగిలింది. రెండోది పెళుసుబారి చీలింది. మూడోదాన్ని పైనంతా నునుపుగా తిప్పాడు. పైనుంచి మూతి దిగడానికో గుంట, కిందినుంచి గొట్టం ఎక్కడానికో గుంట తొలిచి, మైనం రుద్దాడు. చూడముచ్చటగా ఉందని ఒప్పుకోక తప్పదు. మురిసిపోయే తొందరలో ఇంకేమన్నా పని మిగిలిందేమో అతను చూసుకోలేదు.

ఇక్కడ మామగారు ఆఫీసరుకు ఫోన్ చేశాడు. "క్లారినెట్ విరిగింది సార్. కచేరీ మానేద్దాం."

"మీ అల్లుడు ఇందాకే ఫోన్ చేసి చెప్పారండీ. కొత్త ముక్క చేస్తున్నారట, ఢోకా లేదన్నారు. నేను పెద్దాఫీసు వాళ్లని కూడా పిలిచేశాను. సభ మొదలయ్యేదే మీ కచేరీతో."

"వద్దు సార్, నాకంత విద్య లేదు."

"భలేవారే, మీ వినయం మాకు తెలీదా."

సాయంత్రం వేదికమీద అల్లుడు అందరూ చూస్తుండగా బారెల్ బిగించి, క్లారినెట్‌ను మామగారి చేతిలో పెట్టాడు. మామగారు కళ్లు మూసుకుని ఊదాడు. చప్పుడు లేదు. బుగ్గలు పగిలేలా ఊదాడు. గాలి కూడా అటు పోలేదు. బారెల్ ఊడదీసి దీపానికి ఎదురుగా పెట్టి చూస్తే అవతల వెలుతురు కనబడలేదు. రెండు వైపులా గుంటలు తవ్విన మహానుభావుడు మధ్యలో చిల్లు పెట్టడం మర్చిపోయాడు.

మామగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లనిచ్చిన నాటినుంచీ ఈ అల్లుణ్ణి చూసి ఆయన ఇంతగా సంతోషించింది లేదు.

"అద్భుతంగా ఉంది అల్లుడుగారూ. దీన్ని ముట్టుకోకండి. ఒట్టు, నాకు ఇలాగే కావాలి," అంటూ అతన్ని కావలించుకున్నాడు.

"మీది మరీ మొహమాటం మామయ్యగారూ," అని అల్లుడు సంచిలోంచి డ్రిల్లు తీశాడు. మైకు దగ్గరికి వెళ్లి, చిన్న చిల్లు పెట్టాలని, అరగంట పడుతుందని, ఈలోగా పనులున్నవాళ్లు వెళ్లొచ్చని ప్రకటించాడు.

హాల్లో జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెద్దాఫీసు వాళ్లతో సహా అందరూ, ఎంతసేపైనా ఆగుతామన్నారు.

వాళ్లదీ మొహమాటమే.