సోని కర్ణస్పర్శ విజయం

వినుడు, వినుడు! పందొమ్మిది వందల తొంభై ఏడవ సంవత్సరాన, తొలకరి మేఘాలు అనంతగిరి శిఖరాలకు అభిషేకం చేస్తున్న జూన్ మాసాన, డుంబ్రిగుడకు రెండు కొండల ఆవల, రేకుల కప్పు నుంచి నాలుగు చోట్ల ధారాపాతంగా కురిసే ప్రాథమిక పాఠశాలా మహాప్రాంగణంలో, ఆరేళ్ల సోని తన సొంత ఎడమ చెవిపై దండెత్తింది!

నవ్వకండి. ఆ కాలాన ఒకటో తరగతి దుర్గంలో అడుగుపెట్టాలంటే పుట్టినరోజు కాగితమైనా చూపాలి, లేదా కుడి చేతిని నడినెత్తి మీదుగా పోనిచ్చి ఎడమ చెవినైనా తాకాలి. కాగితం అడిగితే సోని నాయనమ్మ యర్రమ్మ, "కాఫీ మొక్కలు పంచిన ఏడు పుట్టిందమ్మా" అంది. రిజిస్టరు తెరిచి కూర్చున్న కృపావతి టీచరు కలం అక్కడే ఆగిపోయింది. ఇక చెవే దిక్కు.

అంతకు ముందే బ్యాంకు గుమాస్తా కుమారుడు, నిత్యక్షీరపాన పుష్టాంగుడు, ఆంగ్లగేయ విశారదుడు అయిన సాయినాథుడు, ప్లాస్టిక్ కవచంలో కాగితం భద్రంగా ఉండి కూడా, సరదాకి చెయ్యెత్తి చెవి దాటి మెడ గోక్కుని వచ్చాడు. అంబలి తాగి పెరిగిన సోని బాహువు అంత దీర్ఘం కాదు. పైగా ఎడమ చంకలో ఏడాదిన్నర తమ్ముడు మంగ్లు! అమ్మానాన్నలు పోడు చేనికి పోతే వాణ్ణి మోసేది సోనియే. వాణ్ణి చంకనేసుకుని ఏడాదిగా ఈ బడి కిటికీ బయట నిలబడి అక్షరాలన్నీ ఔపోసన పట్టేసింది. చెవి అందకపోతే మరో ఏడాది ఆ కిటికీ బయటే.

బయలుదేరింది దక్షిణ హస్తం! ఆముదం రాసి బిగదువ్విన కేశారణ్యాన్ని భేదించి, నడినెత్తి శిఖరాన్ని అధిరోహించి, అవతలి వాలులో లక్ష్యానికి అంగుళం దూరాన చతికిలబడింది.

"తమ్ముణ్ణి కిందకి దింపమ్మా" అంది టీచరు.

దింపింది. దింపీ దింపగానే మంగ్లు చేసిన భైరవారావానికి రేకులు కంపించాయి, మూడో తరగతి మొత్తం ఎక్కాలు మరిచిపోయింది. ఇంకా అర అంగుళం మిగిలే ఉంది. సోని కళ్లలో నీళ్లు తిరిగాయి. వాణ్ణి మళ్లీ చంకకెత్తుకుంది.

"వచ్చే ఏడు చూద్దాంలే" అంటూ టీచరు కలానికి మూత పెట్టబోయింది.

అప్పుడు లేచింది యర్రమ్మ! అరవై వానలు చూసిన ఆ వీరవృద్ధ, నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ చుట్టను బయటికి తీసి, దిక్కులు పిక్కటిల్లేలా గర్జించింది.

"ఓలె సోనీ! కొండెక్కి అడ్డాకులు కోసిన సెయ్యే అది! సీపురు కట్టలు కట్టిన సెయ్యే! ఆ గుంటణ్ణి ఒక్కనాడూ కింద పడెయ్యకుండా మోసిన సెయ్యే! నీ సెవి నీకు అందకపోడమేటే? సాపు, బేగి సాపు!"

ఆ పలుకులు సోకినంతనే సోని పెదవి బిగించింది, మడమలెత్తింది. భుజం కీలు కటకటలాడుతుండగా మధ్యవేలు వణుకుతూ వణుకుతూ నెత్తి దిగి, మంగ్లు ముఖమండలం ఎదుట వేలాడింది. కంటబడిన ప్రతి వేలినీ నోట పెట్టుకోవడం ఆ శిశువీరుడి నిత్యవ్రతం. చటుక్కున రెండు చేతులా పట్టి ఒక్క లాగు లాగాడు. వేలికీ వాడి నోటికీ నడుమ సోని చెవి అడ్డం వచ్చింది.

తాకింది! ఆహా, తాకింది!

"టీచర్, చీటింగ్! బాబు లాగాడు!" అని సాయినాథుడు ఆక్రోశించాడు.

టీచరు అతని వైపు తిరిగింది. "నీ చొక్కా బొత్తాలు ఎవరు పెట్టారు నాన్నా?"

"మమ్మీ."

"బూట్లు?"

"డాడీ."

"ఈ పిల్లకి తమ్ముడున్నాడు. చెవి అందాలన్నదే రూలు. ఎవరు అందించారో రూల్లో రాయలేదు. కూర్చో."

అంతట సోని నామధేయం రిజిస్టరులో ముప్పై ఒకటవ వరుసన సువర్ణాక్షరాలతో, అనగా నీలిరంగు సిరాతో, లిఖితమైంది. యర్రమ్మ చేతులు చాచింది గానీ మంగ్లు రానంటే రానని అక్క మెడ కరుచుకున్నాడు. టీచరు చూసీ చూడనట్టు తల వంచుకుంది. ఇట్లు ఆ శుభదినాన, అర అంగుళం రణంలో ఒక్క చెవిని జయించి, ఇద్దరు దుర్గప్రవేశం చేశారు!