క్రెయిగీబర్న్‌లో రాతి తోరణం

ఆ శనివారం పొద్దున నాగభూషణం వేసుకున్న పథకం చాలా చిన్నది. పెరట్లో ఒక తోరణం నిలబెట్టాలి. మధ్యాహ్నం భోజనానికి సీనియర్స్ క్లబ్బువాళ్లు వస్తారు, తోరణం చూస్తారు. వాసుదేవరావు మొహం మాడిపోతుంది. లీలావతి మొహం వెలిగిపోతుంది. ఆ తరవాత గోంగూర పప్పు, పెరుగు.

వాసుదేవరావు మీద అతని కడుపుమంట ఈనాటిది కాదు. ఇద్దరూ భార్యలు పోయినవాళ్లే, ఇద్దరూ మెల్‌బోర్న్ శివార్లలోని క్రెయిగీబర్న్‌లోనే ఉంటారు. పోలిక అక్కడితో సరి. వాసుదేవరావు ముప్పై ఏళ్లు ఈ ఊళ్లోనే డాక్టరు పని చేసి రిటైరయ్యాడు. సొంత ఇల్లు, సొంత కారు. నాగభూషణానికి కొడుకు ఇంట్లో వెనక గది, జేబులో బస్సు కార్డు. పైగా వాసుదేవరావుకి టోపీ నప్పుతుంది. అన్నిటిలోకీ క్షమించరానిది అదే.

ఇక లీలావతి. భర్త పోయాక కూతురి దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన రాజమండ్రి మనిషి. క్లబ్బులో మగవాళ్లందరినీ 'అన్నయ్యగారూ' అని పిలుస్తుంది. నాగభూషణాన్ని మాత్రం 'నాగభూషణంగారూ' అంటుంది. అన్నయ్య కానందుకు అతను ఎంత సంతోషించాడో చెప్పడం కష్టం. కానీ వాసుదేవరావునూ ఆవిడ పేరు పెట్టే పిలిచేది. ఆ సంతోషంలో సగం అక్కడే పోయింది.

మిగతా సగం చైనాలో పోయింది. క్లబ్బు తరఫున అందరూ కలిసి టూరు వెళ్లినప్పుడు ఒక పాత పల్లెటూరు చూపించారు. పొలాల మధ్య రాళ్ల బాట, బాట పొడుగునా వరసగా రాతి తోరణాలు. తలుపుల్లేవు, ఇళ్లు లేవు, ఉత్త ద్వారాలు. మంచి పేరు తెచ్చుకున్నవాళ్ల గుర్తుగా చక్రవర్తి అనుమతితో కట్టించినవని గైడు చెప్పింది. ఒకటి తల్లిదండ్రులకు సేవ చేసిన కొడుకుది. ఇంకొకటి మొగుడు పోయాక మారు మనువు మాటెత్తకుండా అత్తగారిని సాకిన కోడలిది.

లీలావతి ఆ కోడలి తోరణం కింద నిలబడి తలెత్తి చూసింది.

"ఆడదానికైతే కట్టారు. ఇలా ఉండిపోయిన మగాడు ఒక్కడూ దొరకలేదేంటో వీళ్లకి!" అంది.

అలాంటి మగాడు ఆవిడ ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఆ ముక్క చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు కూడా.

"లీలావతిగారూ, అలాగే ఉండండి, లైట్ అదిరిపోయింది!" అంటూ వాసుదేవరావు ఫొటో తీసేశాడు.

ఆ ఫొటో క్లబ్బు గ్రూపులోకి ఎక్కింది. అందులో తోరణం ఉంది, లీలావతి ఉంది, ఒక మూల నాగభూషణం మోచెయ్యి ఉంది. అతను ఆ మోచేతిని తలుచుకుంటూనే విమానంలో తిరిగొచ్చాడు.

భార్య పోయిన తేదీ దగ్గర పడుతున్నప్పుడు కోడలు సృజనను పిలిచాడు.

"మీ అత్తయ్య జ్ఞాపకార్థం పెరట్లో ఒక ఆర్చి పెట్టించాలమ్మా. చైనాలో చూశామే, అలాంటిది. రాతిరంగు. పైన నా పేరు, మీ అత్తయ్య పేరు."

"నిజంగా రాతితో కడతామంటే కౌన్సిల్ ఒప్పుకోదు మామయ్యా. డెకరేషన్‌వాళ్ల దగ్గర ఒక్కరోజుకి తెద్దాం. ట్రుగనీనాలో అమూల్య అని ఉంది, మా ఆఫీస్‌లో అందరి ఫంక్షన్సూ తనే చేస్తుంది."

"ఎవరైతే ఏం, నిలబడితే చాలు."

సృజన అమూల్యకు మెసేజ్ పెట్టింది: ఆర్చి, రాతిరంగు, రెండు పేర్లు, ఇంటి అడ్రసు. ఎందుకని అమూల్య అడగలేదు. ఆర్చి మీద ఒక మగపేరు, ఒక ఆడపేరు వేయమంటే ఎందుకని అడిగే తెలుగువాళ్లు ఏ దేశంలోనూ లేరు.

శనివారం పొద్దున్నే వ్యాను వచ్చింది. అమూల్య చకచకా గొట్టాలు బిగించి, తెర కప్పి, పూలు తగిలించింది. నాగభూషణం బయటికొచ్చేసరికి పెరట్లో గులాబీరంగు తోరణం నిలబడి ఉంది. అటో నెమలి, ఇటో నెమలి. పైన 'నాగభూషణం', 'సత్యభామ'. రెండు పేర్ల మధ్య బూరెల మూకుడంత ఎర్రటి హృదయం.

"ఇదేంటమ్మా! రాతిరంగు కదా అడిగింది!"

"గ్రే ఎవరూ తీసుకోరంకుల్, అందుకే నేను పెట్టట్లేదు. ఇది ఫొటోల్లో సూపర్ వస్తుంది."

"ఆ గుండెకాయైనా పీకెయ్."

"రాదంకుల్, వెల్డింగ్ చేసేశారు. ఆంటీకి నచ్చుతుంది చూడండి."

"ఆంటీ చూడదు."

"సర్‌ప్రైజా! సో స్వీట్ అంకుల్!" అంటూ అమూల్య ఫొటో తీసుకుని, అలవాటు ప్రకారం 'ఈ రోజు మా వర్క్, క్రెయిగీబర్న్‌లో' అని ఫేస్‌బుక్‌లో పెట్టి వెళ్లిపోయింది.

సత్యభామ ఎవరో క్లబ్బులో ఒక్కరికీ తెలియదు. బతికున్నన్నాళ్లూ నాగభూషణం ఆవిణ్ని 'ఏమే' అన్నాడు. పోయాక 'మా ఇంటావిడ' అన్నాడు. ఆవిడ పేరు నలుగురిలో బయటపడటం ఇదే మొదటిసారి. అదీ నెమళ్ల మధ్య.

భోజనానికి రమ్మంటే క్లబ్బువాళ్లు ఫేస్‌బుక్‌లో ఆ ఫొటో చూసి టిఫిను వేళకే దిగారు. ఆడవాళ్లు పట్టుచీరల్లో ఉన్నారు. ఎవరో స్పీకరు తెచ్చి సన్నాయి పెట్టారు. క్లబ్బు సెక్రటరీ బాలమురళి వారాంతాల్లో గుళ్లో పూజలు కూడా చేయిస్తాడు. అతను రెండు పూలదండలు, పళ్లెంలో అక్షింతలు పట్టుకొచ్చాడు.

"పురోహితుడికైనా చెప్పొద్దుటండీ? రాహుకాలం వచ్చేస్తోంది. పెళ్లికూతురెక్కడ?"

సృజన గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. "మామయ్యా, అందరూ నాకు కంగ్రాట్స్ చెబుతున్నారు. దేనికి?"

అంతలోనే వాసుదేవరావు కారు ఆగింది. టోపీ దిగింది. వెనకే లీలావతి దిగింది. ఆవిడ ముఖంలో కళ లేదు.

"సంతోషమండీ. సత్యభామగారు లోపలున్నారా?"

"ఉంది. గోడమీద."

అందరూ హాల్లోకి వెళ్లి దండ వేసిన ఫొటో చూసి బయటికొచ్చారు. సన్నాయి ఆగింది. వాసుదేవరావు వచ్చి నాగభూషణం భుజం మీద చెయ్యి వేశాడు.

"చూడండి భూషణంగారూ, ఒంటరితనం ఎవరికైనా కష్టమే. మీకూ ఒక తోడు కావాలనిపిస్తే తప్పు కాదు. నేను చూసిపెడతాను."

ఇంకెవరన్నా ఊరుకునేవాడు. ఆ టోపీ అనేసరికి నాగభూషణం ఒళ్లు మండి, ప్లాస్టిక్ కుర్చీ ఎక్కేశాడు.

"నాకెవరూ చూసిపెట్టక్కర్లేదు! నేను మళ్లీ పెళ్లి చేసుకోను! ఈ జన్మకి సత్యభామే! ఆ సంగతి నలుగురికీ చెప్పడానికే ఈ తోరణం! చైనాలో మగాడు దొరకలేదన్నారుగా? ఇదిగో, దొరికాడు! చూసుకోండి!"

చప్పట్లు మోగాయి. లీలావతి కళ్లు చెమర్చాయి. వాసుదేవరావు టోపీ తీసి చేత పట్టుకున్నాడు. పొద్దున వేసుకున్న పథకం అక్షరం పొల్లుపోకుండా నెరవేరింది. నాగభూషణం కుర్చీ దిగేదాకా అలాగే ఉంది.

"ఎంత గొప్ప మనసండీ మీది! నా బెంగ తీర్చేశారు," అంది లీలావతి దగ్గరికొచ్చి.

"బెంగా?"

"చైనా నుంచి వచ్చిందగ్గర్నుంచీ వాసుదేవరావుగారు అడుగుతూనే ఉన్నారు. మీ మనసులోనూ ఏదో ఉందేమోనని నేనే తేల్చుకోలేకపోయా. పొద్దున ఆ ఫొటో చూసి కూడా, మీ నోటితో విందామనే వచ్చాను. విన్నాను." ఆవిడ వాసుదేవరావు వైపు తిరిగింది. "సరేనండీ."

నాగభూషణం నోరు తెరిచాడు. కుర్చీ ఎక్కి చెప్పిన మాటను దిగి వెనక్కి తీసుకోవడం ఎలాగో తోచక మూసేశాడు.

"దండలున్నాయి, అక్షింతలున్నాయి, తోరణమూ ఉంది," అన్నాడు బాలమురళి. "రిజిస్ట్రేషన్ తరవాత చూసుకోవచ్చు. ముందు దండలు మార్చేసుకోండి. సృజనమ్మా, ఆ పేర్లమీద రెండు కండువాలు కప్పు."

సృజన మామగారి వైపు చూసింది. ఆయన నేల వైపు చూస్తున్నాడు. కప్పేసింది. పేర్లు దాగాయి, హృదయం మిగిలింది. సన్నాయి మళ్లీ అందుకుంది.

అంతలో మెల్‌బోర్న్ గాలి లేచింది. తోరణం వధూవరుల నెత్తిమీదికి ఒరిగింది.

"అన్నయ్యగారూ!" అని లీలావతి కేక వేసింది.

ఎవరినోనని నాగభూషణం వెనక్కి తిరిగి చూశాడు. వెనక కంచె తప్ప ఎవరూ లేరు.

"మిమ్మల్నేనండీ అన్నయ్యగారూ! ఆ స్తంభం కాస్త పట్టుకోండి, పడిపోయేలా ఉంది!"

అతను వెళ్లి పట్టుకున్నాడు. దండలు మారేదాకా, అక్షింతలు పడేదాకా, ఫొటోలు అయ్యేదాకా రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు. ఈసారి ఫొటోల్లో మనిషంతా పడ్డాడు.

చైనావాళ్లు వాటిని రాతితో ఎందుకు కట్టారో అప్పుడు అర్థమైంది అతనికి.