గాలిదారిన రెండు గంటలు

తప్పులుంటే మన్నించండి. మా ఆయన పోయాక మనవరాలి పక్కన కూర్చుని దిద్దుకున్న అక్షరాలివి. నత్తనడకన రాస్తాను, మీరూ నింపాదిగా చదవండి.

రెండు ఊళ్ల మధ్య దూరాన్ని భూమి నిర్ణయిస్తుందని కొందరు అమాయకులు నమ్ముతారు. నిజానికి దాన్ని నిర్ణయించేది మా హోటళ్ల కంపెనీలోని ప్రయాణకాల నిర్ధారణ విభాగం. అదే కంపెనీలో నేను చిరిగిన దుప్పట్లకు అతుకులు వేస్తాను.

దూరపు ఊళ్లో ఉన్న మా చెల్లికి గురువారం పొద్దున గుండె ఆపరేషన్. "అక్కా, నువ్వొచ్చి చెయ్యి పట్టుకుంటే గానీ ఆ బల్ల ఎక్కను" అని ఫోనులో తెగేసి చెప్పింది. (చిన్నప్పుడు పన్ను పీకించుకోవడానికీ ఇదే షరతు.) బుధవారం నుంచే సెలవు కావాలని ఆ విభాగపు కాలాధికారిని అడిగాను.

ఆయన కంప్యూటర్లో చూశాడు. "గాలిదారిన, అంటే తిన్నగా గీత గీస్తే, పదిహేను వందల కిలోమీటర్లు. ప్రయాణం రెండు గంటలు. గురువారం ఒక్కరోజు చాలు పెద్దమ్మా. ఐదింటికి బయల్దేరితే ఏడింటికి మీ చెల్లెలి పక్కనుంటావు."

"ఆ దారిన విమానమే లేదు బాబూ. చుట్టూ తిరిగి, మధ్యలో ఇంకో ఊళ్లో దిగి, మళ్లీ ఎక్కాలి."

"విమానం లేకపోతే అది విమానం తప్పు. దూరం ఏం చేస్తుంది?"

"మరి ఆ మధ్య ఊళ్లో కూర్చునే వేళో?"

"అది ప్రయాణం కాదు, కూర్చోవడం. కూర్చోవడానికి సెలవెలా ఇస్తాం?"

"కాకినైతే నువ్వన్నట్టే పోయేదాన్ని నాయనా."

"కాకుల సెలవులు మా విభాగం చూడదు" అన్నాడు. (నవ్వలేదు. చూసే విభాగం ఎక్కడుందో నేనూ అడగలేదు.)

గురువారం తెల్లవారుజామున విమానమెక్కి, మధ్య ఊళ్లో దిగాను. సరిగ్గా ఏడింటికి నా ఫోను మోగింది: "మీరు క్షేమంగా గమ్యం చేరారు. అభినందనలు." మా కంపెనీకీ ఆ ఆసుపత్రికీ యాప్ ఒకటే. చెల్లి పక్కన తోడుమనిషి కుర్చీ నా పేరున నిండిపోయింది.

పాపం, చెల్లి ఎదురింటి టీచరమ్మ నా బదులు కూర్చుందామని వెళ్తే, గార్డు గుమ్మంలోనే ఆపాడు. ఆవిడ నాకు ఫోను చేసింది.

"ఏంటండీ, మీరు లోపలే ఉన్నారట?"

"లేనమ్మా! సగం దారిలో ఉన్నాను. ఆ అబ్బాయికి ఇవ్వండి ఫోను."

గార్డు మర్యాదస్థుడు. "లోపలున్నవాళ్లు ఫోను వాడకూడదమ్మా. పెట్టేయండి" అన్నాడు.

కాలాధికారికి చేశాను. "చేరిపోయాక కూడా దారిలో ఉన్నానంటావేంటి పెద్దమ్మా! నీ వయసుకి తగునా?" అని మందలించాడు. సాయంత్రం ఏడింటికల్లా నేను తిరిగొచ్చేసి ఉంటాను గనుక రాత్రి డ్యూటీ కూడా వేశాడట.

ఎనిమిదింటికి చెల్లిని ఆపరేషన్‌కి తోసుకెళ్లారు. గుమ్మం దాటేటప్పుడు "మా అక్క వచ్చిందా?" అని అడిగిందట. నర్సు ఫోనులో చూసుకుని, "మీ పక్కనే ఉన్నారుగా!" అందట. ఆ గుమ్మం బయటే నిలబడ్డ టీచరమ్మ చెవులారా విని చెప్పింది.

ఆపరేషన్ ఇంకా జరుగుతోంది.

ఇట్లు,
అతుకుల పెద్దమ్మ, వయసు అరవై ఒకటి.
ప్రస్తుత నివాసం: మధ్య ఊరి విమానాశ్రయం, కిటికీ పక్క కుర్చీ. ఈ చిరునామా చెల్లదని కంపెనీ వారి అభిప్రాయం.