మంత్రిగారి సూది

వలస కార్మికుల గుండెల్లో గూడు కట్టుకున్న టీకా భయాన్ని నెల రోజుల్లో ఖాళీ చేయిస్తానని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. మహమ్మారి రెండో ఏడు నడుస్తోంది. కార్మికుల్లో నూటికి ఎనభై రెండు మంది సూదంటే వణికిపోతున్నారని సర్వేలో తేలిందట. అంత భయాన్ని ఒంటిచేత్తో ఎదుర్కోవడానికి నడుం కట్టిన మంత్రిగారి ధైర్యాన్ని పత్రికలన్నీ మెచ్చుకున్నాయి.

ఆ సర్వే పద్నాలుగు అంతస్తుల కొత్త భవనంలో టైల్స్ పరిచే మేస్త్రి దాకా కూడా వచ్చింది. నిరుడు ఇదే జబ్బు అతని అన్నను ఆరు రోజుల్లో మింగేసింది. శవాన్ని కూడా చూడనివ్వలేదు. అప్పటినుంచి మేస్త్రి టీకా కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాడు. భయమా అని సర్వే అమ్మాయి అడిగితే, భయం కాదమ్మా, టీకా వేయించుకున్న పెయింటరు రెండు రోజులు జ్వరంతో పడుకుని లేచేసరికి అతని బ్రష్షు ఇంకొకడి చేతిలో ఉంది, రెండు రోజులు సెలవిప్పిస్తే అందరం వరసలో నిలబడతాం అన్నాడు. ఆ అమ్మాయి శ్రద్ధగా విని, ఫారంలో భయం, అపోహ, మూఢనమ్మకం అని మూడు గళ్లే ఉన్నాయనీ, ఏదో ఒకటి చెప్పమనీ బతిమాలింది. మూడింట్లో కాస్త మర్యాదగా ఉన్నది భయమేనని మేస్త్రి దానికి ఒప్పుకున్నాడు.

రోగమేదో తెలిసింది కాబట్టి వైద్యం మొదలైంది. అవగాహన అధికారి ఒక మానసిక నిపుణుణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. కార్మికులను సెల్లారులో బారుగా కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని గాలి పీల్చమన్నారు. నెలల తరబడి నిద్ర చాలని మనుషులు పది నిమిషాల్లో గురకలు పెట్టారు. భయం గణనీయంగా తగ్గినట్టు అధికారి రాసుకున్నారు.

భయం పూర్తిగా పోయిన తొలి కార్మికుడికి మంత్రిగారి సమక్షంలో టీకా వేయాలని నిర్ణయమైంది. నాలుగు ముక్కలు మాట్లాడగలడని మేస్త్రిని ఎంపిక చేశారు. వేదిక, పూలు, కెమెరాలు వేళకే వచ్చాయి. మందు తెచ్చే వ్యాను మాత్రం రాలేదు. మంత్రిగారి కార్లకు దారి ఇవ్వడానికి ట్రాఫిక్ ఆపిన చోట అదీ ఆగిపోయింది. మంత్రిగారికి ఇంకో ప్రారంభోత్సవం ఉంది. అధికారి నర్సు చెవిలో ఏదో చెప్పారు. ఆమె మూత తీయని ఖాళీ సూదిని మేస్త్రి జబ్బకు ఆనించింది.

"ఇందులో మందు లేదండీ," అన్నాడు మేస్త్రి మెల్లగా.

"భయపడకు," అన్నారు మంత్రిగారు కెమెరా వైపు చూస్తూ.

"భయం లేదండీ. మందే లేదు."

మంత్రిగారు మైకు అందుకున్నారు. "విన్నారుగా. భయం లేదంటున్నాడు."

చప్పట్లు మోగాయి. మంత్రిగారు వెళ్లగానే అధికారి మేస్త్రిని కారెక్కించుకుని, అనుభవాలు చెప్పించడానికి టీవీ వాళ్ల దగ్గరికి తీసుకుపోయారు. సూపర్‌వైజరు మిగతావాళ్లను పై అంతస్తులకు తోలేశాడు. పావుగంటకు వ్యాను వచ్చింది. కింద ఇసుక జల్లిస్తున్న మేస్త్రి వదిన ఒక్కతే పరుగున వెళ్లి టీకా వేయించుకుంది. మేస్త్రి తిరిగొచ్చేసరికి వ్యాను లేదు. మళ్లీ వారానికి వస్తుందట.

సాయంత్రానికి వదినకు ఒళ్లు కాలిపోయింది. రెండు రోజులు లేవలేదు. మూడోనాడు వెళ్తే ఆమె జల్లెడ ఇంకొకామె చేతిలో ఉంది. మేస్త్రి వెళ్లి అడిగాడు.

"నువ్వూ ఆ రోజే కదయ్యా వేయించుకున్నావు?" అన్నాడు సూపర్‌వైజరు. "మధ్యాహ్నం కారు దిగి బాత్రూమంతా టైల్స్ పరిచావు. నీకు రాని జ్వరం ఆమెకెలా వచ్చింది?"

తనకసలు వేయనేలేదని మేస్త్రి చెప్పాడు. సూపర్‌వైజరు గేటు పక్క హోర్డింగు చూపించాడు. అందులో మంత్రిగారి పక్కన మేస్త్రి రెండు నిలువుల ఎత్తున ఉన్నాడు. అది చూశాక అతని మాట నమ్మడం ఎవరికీ సాధ్యం కాలేదు.

ఆ రాత్రి గదిలో అందరూ కూర్చుని లెక్క తేల్చారు. మేస్త్రికి జ్వరం రాలేదు, ఇసుకామెకు వచ్చింది. అంటే వేదిక మీద వేసే మందు వేరు, వ్యానులో వచ్చే మందు వేరు. సూదంటే మొదటిసారి వాళ్లకు నిజంగానే భయం పట్టుకుంది.

వదిన ఇంకోచోట పని వెతుక్కోవడానికి మూట కట్టుకుంటోంది. "మంచి మందు దొరికిందని నాతో చెబితే ఏం పోయేది?" అంది కోపం లేకుండా. "నేనేమైనా అడ్డుపడేదాన్నా?"

మేస్త్రి ఎంత చెప్పినా తల ఊపింది గానీ నమ్మలేదు.

వారానికి వ్యాను చెప్పిన వేళకే వచ్చింది. నర్సు నిండు పెట్టె ముందు పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఒక్కరూ దిగిరాలేదు. చివరికి మేస్త్రి చేతికంటిన సిమెంటు కడుక్కుని, చొక్కా చెయ్యి పైకి మడుచుకుని వచ్చి నిలబడ్డాడు. నర్సు అతని నంబరు ఫోనులో కొట్టి చూసింది.

"మీకు వేసేసినట్టు ఉందండీ."

"వేయలేదని మీకు తెలుసు కదమ్మా. ఆ సూది పట్టుకున్నది మీరే."

"నాకు తెలుసండీ," అంది ఆమె తల దించుకుని. "ఫోనుకు తెలీదు."

పెట్టె నిండుగా వచ్చి, నిండుగానే వెళ్లిపోయింది.