సత్తమ్మ చూపించిన జాడ

ఆదివారం పొద్దున ఆరింటికి బడి దగ్గర బయలుదేరి, చెరువు కట్ట మీదుగా గుట్ట దాకా నడిచి, తొమ్మిదిన్నరకల్లా మళ్ళీ బడికి చేరాలన్నది పుష్పలత వేసిన పథకం. రానూ పోనూ మూడు కిలోమీటర్లు. సూర్యాపేట కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే పుష్పలత ప్రతి నెలా మొదటి ఆదివారం పట్నం వాళ్ళను మోతెకు తీసుకువచ్చి చెట్లనూ పిట్టలనూ చూపిస్తుంది. ప్లాస్టిక్ తేకూడదు, కొమ్మ విరవకూడదు, దారి చూపే మనిషి ఆ ఊరి మనిషే కావాలి. ఆ మనిషి సత్తమ్మ. బడికి పోలేదు గాని, ఏ ఆకు గొర్రెకు మంచిదో, ఏ పిట్ట ఏ నెలలో గూడు కడుతుందో ఆమెను అడిగే తెలుసుకోవాలి.

ఆ ఆదివారం సత్తమ్మ మనసులో వేరే దారి ఉంది. ఆమె భర్త అచ్చయ్య శివరాత్రి కాగానే మందను తోలుకొని వలస పోయాడు. నిన్న సాయంత్రం పాల వ్యాను డ్రైవరు ఒక మాట చెప్పాడు. మాడుగులపల్లి వైపు నుంచి వస్తున్న అచ్చయ్య మంద ఊరికి రెండు కిలోమీటర్ల అవతల, వరి కోసిన పొలంలో దిగిందట. తెల్లారితే కోదాడ దారి పట్టి, ఆ మీదట కృష్ణ దాటుతుంది. మళ్ళీ ఇల్లు చూసేది వానలు పడ్డాకే. ఫోను చేస్తే ఎప్పటిలాగే స్విచ్చాఫ్.

తిన్నగా పోయి చూసి రావచ్చు. కానీ పెళ్ళయి ముప్పై మూడేళ్ళయిన ఆడది మొగుడి మీద బెంగతో మంద దగ్గరికి పోయిందంటే, వాడకట్టంతా ఏడాదిపాటు అదే చెప్పుకుని నవ్వుతుంది. పని మీద పోతే ఎవరూ ఏమీ అనలేరు.

"గుట్ట ఎక్కనీకి కొత్త చీర ఎందుకత్తమ్మా?" అని అడిగింది కోడలు లత, బడి దగ్గర జొన్న గటక వండడానికి గిన్నెలు సర్దుతూ.

"పట్నపోళ్ళు ఫోటోలు తీస్తరు" అంది సత్తమ్మ, ఆమె మొహం చూడకుండా.

చెరువు కట్ట దిగగానే సత్తమ్మ గుట్టకు పోయే బాట వదిలేసింది. "మేడం, గుట్ట కాడ ఇయ్యాల ఏం కనబడది. గా దిక్కు కొంగలు దిగినయ్" అంది. పట్నం నుంచి వచ్చిన పన్నెండు మందీ ఆమె వెంట కదిలారు. కొంగలు నిజంగానే ఉన్నాయి. సత్తమ్మ మాత్రం వాటివైపు చూడలేదు.

మంద దిగిన పొలం ఖాళీగా ఉంది. మూడు రాళ్ళ పొయ్యి, చుట్టూ గొర్రెల పెంటికలు. సత్తమ్మ వంగి పొయ్యిలోని బూడిద మీద అరచెయ్యి పెట్టింది. అలాగే కాసేపు ఉంచింది.

"ఏం తెలుస్తుందమ్మా దానివల్ల?" అని అడిగాడు ప్రభుదాస్. మిర్యాలగూడలో లెక్కల మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ప్రతి మాటా నోటు పుస్తకంలో రాసుకుంటాడు.

"ఇంక ఎచ్చగనే ఉంది సార్. పోయి గంట కూడ కాలే. జర జల్ది నడిస్తే అందుకుంటం."

ఎవరిని అందుకోవాలో ప్రభుదాస్ అడగలేదు. 'బూడిద, వెచ్చన, గంట' అని రాసుకున్నాడు. పథకంలో లేని పాఠం దొరికినందుకు పుష్పలతకు సంతోషమైంది. కాలువ పక్క బురదలో డెక్కల గుర్తుల నడుమ ఒక పెద్ద పంజా గుర్తు కనబడితే ఫోటో తీసి, అలవాటు ప్రకారం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. 'ఇది ఎవరి అడుగు? చెప్పుకోండి చూద్దాం.'

మొదటి జవాబు కుక్క. రెండోది నక్క. మూడోవాడు చిరుత అన్నాడు. ఫోటోను ముందుకు పంపినవాళ్ళు ప్రశ్నను వదిలేసి జవాబును మాత్రం పంపారు. అది కూడా మూడోది. ముప్పావుగంటలో కోదాడ నుంచి, నడకకు వచ్చినవాళ్ళలో ఒకరైన గ్రేస్‌కు ఆమె భర్త ఫోను చేశాడు.

"మోతెలో చిరుత తిరుగుతుందంటండీ" అంది గ్రేస్. "నడక పోయిన వాళ్ళ వెనకాలే పడిందంట. వెనక్కి వెళ్ళిపోదామండీ."

వెనక్కి అన్న మాట వినగానే సత్తమ్మ అడ్డం వచ్చింది. "నిజంగ ఉంటే ఎనకనే ఉంటది గదమ్మా. ముందుకు నడువుండ్రి" అంది.

అప్పటిదాకా ప్రతి పువ్వు దగ్గరా ఆగిన పన్నెండు మందీ ఆ తర్వాత ఎక్కడా ఆగలేదు. మోకాళ్ళ నొప్పి గల ప్రభుదాస్ అందరికంటే ముందున్నాడు.

మంద కాలువ మలుపులో కనబడింది. సత్తమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. మూడు వందల గొర్రెల నడుమ తల తిప్పి తిప్పి వెతికింది. కర్ర పట్టుకొని ఒక్క మనిషే నిలబడి ఉన్నాడు. అచ్చయ్య తమ్ముడి కొడుకు సంతోష్.

"పెద్దమ్మా, నువ్వు గీడున్నవా?" అన్నాడు సంతోష్. "నడక పోయినోళ్ళ మీద పులి పడ్డదని బండి మీద పోయేటోడు చెప్పిండు. పెదనాయన నీ కోసం అడ్డదారిన ఊరి దిక్కు ఉరికిండు."

"మందను ఇడిసిపెట్టిండా?"

"ఇడిసిపెట్టిండు."

"పులి ఉందన్నంక కూడ?"

"చెప్పులు కూడ ఏసుకోలే."

బిడ్డ పుట్టిన రోజున రాని మనిషి. తన తల్లి పోయిన రోజున కూడా మందను మరొకరికి అప్పగించి, సాయంత్రానికి వచ్చిన మనిషి. సత్తమ్మ కాలువ గట్టు మీద కూర్చుంది. పట్నం వాళ్ళు ఆమెకు కళ్ళు తిరిగాయనుకొని నీళ్ళ సీసాలు చాపారు.

అరగంటకు ఒక జీపు వచ్చింది. అందులో అటవీ శాఖ ఆఫీసరు, దాని వెనక కట్టెలు పట్టుకున్న నలభై మంది ఊరివాళ్ళు, వాళ్ళందరి ముందు దుమ్ము కాళ్ళతో అచ్చయ్య. సత్తమ్మను చూసి ఆగిపోయాడు. ఊరంతా చూస్తోంది.

"నీకేం కాలే గద" అన్నాడు మెల్లగా.

"నాకేమైతది. మందను ఇడిసి యాడికి పోయినవ్?"

"ఊకె. నీళ్ళకు."

"చేతిల బిందె లేదు."

అచ్చయ్య తన చేతులకేసి చూసుకున్నాడు. "నువ్వెందుకొచ్చినవ్ గీడికి?"

"డ్యూటీ" అంది సత్తమ్మ.

ఆఫీసరు పుష్పలత ఫోనులోని ఫోటోను పెద్దది చేసి చూశాడు. "గోళ్ళు కనబడుతున్నయ్, చిరుతవైతే అడుగుల పడవు. నాకైతే కుక్కదే అనిపిస్తుంది. కానీ కంప్లయింట్ పైకి పోయింది. ఈ ప్రాంతం తెలిసినోళ్ళు ఎవరన్న చెప్పాలె."

"సత్తమ్మ గారిని అడగండి. బూడిద ముట్టుకొని టైం చెప్పే మనిషి" అన్నాడు ప్రభుదాస్ పుస్తకం తెరుస్తూ.

ఫోను సత్తమ్మ చేతికి వచ్చింది. ముందు కాలి చివరి వేలు బయటికి వంకర. అది మందకు కాపలా ఉండే కుక్క రంగి అడుగు. చిన్నప్పుడు ముల్లు దిగితే సత్తమ్మే తీసి పసుపు కట్టింది. ఆ రంగి ఇప్పుడు జీపు పక్కనే నిలబడి, ఆమెను చూసి తోక ఊపుతోంది. మంద మెల్లగా కోదాడ వైపు తలలు తిప్పుతోంది. అచ్చయ్య భుజం మీది గొంగడి సర్దుకుంటున్నాడు.

"చెప్పలేం సార్" అంది సత్తమ్మ. "సూడాలె."

"ఎన్ని రోజులు?"

"మూడు రోజులన్న సూడాలె."

"అయితే తేలేదాకా మంద కదలొద్దు. ఊరి దగ్గర్నే పెట్టుకోండ్రి" అన్నాడు ఆఫీసరు.

అచ్చయ్య ఏదో అనబోయి, భార్య కొత్త చీర అప్పుడే చూసినట్టు ఆగిపోయాడు. పట్నం వాళ్ళు ఊరి నుంచి వచ్చిన ట్రాక్టరెక్కి, చల్లారిన గటక తినడానికి బడికి పోయారు.

మూడో రోజు సాయంత్రం కాలువ గట్టు మీద సత్తమ్మకు ఇంకో జాడ కనిపించింది. దాని చివరి వేలు కూడా బయటికి వంకరే.